ఇమేజ్ కూర్పునందలి వర్జనకళ

కంటైనర్ ఇమేజ్‌ను కూర్చుట సైతము ఒక శిల్పమేయని నా దృఢవిశ్వాసము. అందును, ఇస్టియో సర్వీస్ మెష్‌కు చెందిన సీఎన్‌ఐ ప్లగిన్‌కొఱకు కూర్చిన మంచి ఇమేజ్‌ను విప్పి చూచునపుడు, అందు చేర్చినవానికంటె వదలివేసినవానిని బట్టియే నిపుణుని హస్తకౌశలము గోచరించును.

చరిత్ర స్వల్పము. డాకర్ 2013లో వెలువడెను. ఇస్టియోను 2017 మే నెలలో గూగుల్, ఐబీఎం, లిఫ్ట్ సంస్థలు కలసి ప్రకటించెను.

మెష్‌లోని పాడ్‌ల రాకపోకలను ఎన్వాయ్ ప్రాక్సీ గుండ మళ్లించుటకు ఐపీటేబుల్స్ నియమములు వ్రాయవలసియుండును. తొలుత ఆ పనిని ప్రతి పాడ్‌లోను ఒక ఇనిట్ కంటైనర్ చేయుచుండెను. అందువలన అతిసామాన్యమగు అప్లికేషన్‌కు సైతము నెట్-అడ్మిన్, నెట్-రా అను కేపబిలిటీలను ఈయవలసివచ్చెడిది. సీఎన్‌ఐ ప్లగిన్ ఆ దురవస్థను తొలగించినది. ప్రతి నోడ్‌లోను డీమన్‌సెట్‌గా నిలిచిన ఇన్‌స్టాల్-సీఎన్‌ఐ కంటైనర్ తన బైనరీని హోస్ట్‌లోనికి కాపీ చేసి, అదివఱకే యున్న నెట్‌వర్క్ ప్లగిన్ల వరుసలో తానును చేరును. పాడ్‌లనుండి తొలగిన అధికారమంతయు ఇచ్చట రాశియైనది. ఊరందఱి తాళపుచెవులును మొలను కట్టుకొన్న కావలివాని సంచిలో అనవసరమగు పరికర మొక్కటియు నుండరాదు గదా!

ఆ శుద్ధి యెట్లు సాధింపబడునో చూడుడు. గో భాషలో వ్రాసిన ప్రోగ్రామును సీగో ఆపివేసి స్టాటిక్ బైనరీగా బిల్డ్ చేసి, మల్టీస్టేజ్ పద్ధతిలో కంపైలర్‌ను వెనుకనే వదలి, ఫలమును మాత్రమే కడపటి ఇమేజ్‌లో నుంతురు. మాట్ మూర్, డాన్ లోరెంక్ ప్రభృతులు గూగుల్‌లో నున్న కాలమున నిర్మించిన డిస్ట్రోలెస్ ఇమేజ్‌లలో స్టాటిక్ అనునది సుమారు 2 మెగాబైట్లు మాత్రమే; వానితో పోల్చిన, సామాన్య ఇమేజ్‌లగు ఆల్పైన్ సుమారు 5, డెబియన్ 124. ఆ స్టాటిక్‌లో షెల్ లేదు, ప్యాకేజ్ మేనేజర్ లేదు! ఇస్టియోయొక్క యాంబియెంట్ పద్ధతిలో ఈ సీఎన్‌ఐ ఏజెంటే స్వయముగా ఐపీటేబుల్స్‌ను నడుపవలసియుండుటచే కేవల శూన్యత చాలదు. ఆ పరికరమును, దాని లైబ్రరీలను మాత్రమే లెక్కగా చేర్చవలయును. ఇచ్చటనే చెయిన్‌గార్డ్‌వారి వుల్ఫీ డిస్ట్రో, ఆప్కో పరికరము అను రెంటి మహిమ ద్యోతకమగును: కావలసిన ప్యాకేజీల పట్టికను వ్రాసియిచ్చిన చాలును, అవియు, అవి ఆధారపడు ప్యాకేజీలును తప్ప వేఱు ప్యాకేజీ లోనికి రాదు. ఆల్పైన్ అభిమానులు ఏమనుకొన్నను, నా ఓటు వుల్ఫీకే.

ఇమేజ్ ఎంత చిన్నదైనను హోస్ట్ డైరెక్టరీలో వ్రాయవలసియున్నందున ఈ కంటైనర్ రూట్‌గానే నడచును. కావుననే ప్రివిలేజ్డ్ అను సర్వాధికారము నీయక, కేపబిలిటీలనన్నిటిని తొలుత తీసివేసి, వలసినవానిని మాత్రమే పేరుపేరున మరల నొసగవలయును. హెల్మ్ చార్టులో ఇమేజ్‌ను మార్చునపుడు లేటెస్ట్ అను చంచలమగు ట్యాగ్‌ను నమ్మక షా-256 డైజెస్ట్‌ను నిలుపుట, కోసైన్ అను పరికరముతో సంతకమును సరిచూచుట, వెర్షన్ ఇస్టియో నియంత్రణభాగమగు ఇస్టియోడీతో పొసగునట్లు చూచుకొనుట ఆవశ్యకములు.

ఇంతటి విద్యకు నేడు పట్టిన దుర్గతి నా హృదయమును దహించుచున్నది. స్లిమ్ అని, హార్డెన్డ్ అని పేరు తగిలించి అంగడి కెక్కించిన ఇమేజ్‌లు కొన్నిటిలో, పై లేయర్‌లో చెరిపివేసిన ఫైళ్లు క్రింది లేయర్‌లో పదిలముగానే యుండును. అంతకంటె నీచమైన పనియు గలదు: ప్యాకేజీలను తీయక, వాని వివరములుండు డేటాబేస్‌ను మాత్రము తుడిచివేసిన, దానినే నమ్ముకొన్న స్కానర్ ఏమియు కానక లోపములు సున్నయని చెప్పును. ఇది మితవ్యయము కాదు, పచ్చి మోసము! అనవసరమగు లైబ్రరీ యెంతటి అపాయమో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను కంప్రెషన్ లైబ్రరీలో దొంగచాటుగా చొప్పించిన బ్యాక్‌డోర్ వృత్తాంతము లోకమునకు చాటినది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌లో అరసెకను జాప్యమును గమనించి, దాని వేరు ముట్ట త్రవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ సూక్ష్మదృష్టికి ఎన్ని నమస్కారములైనను చాలవు.

షెల్ లేనిదే లోపములను వెదకుట యెట్లని కొందఱు వాదింతురు. కూబర్నెటీస్ 1.25 నుండి, అనగా 2022 నుండి, ఎఫెమరల్ కంటైనర్లు స్థిరపడియుండగా ఆ వాదమునకు తావెక్కడిది?

హైదరాబాదులో నున్నను, అమెరికాలో నున్నను, ఈ వృత్తిలోని తెలుగువారికి నా విన్నపమిది: మీ క్లస్టర్‌లో నేడు నడచుచున్న ఇన్‌స్టాల్-సీఎన్‌ఐ ఇమేజ్‌కు లోని భాగములను తెలుపు ఎస్‌బామ్ పట్టికను, సంతకమును అడుగుడు, అవి చూపలేనివారి ఇమేజ్‌ను త్రోసిపుచ్చుడు.