విన్నవాడే వక్త

వేంపల్లె దాటి పోతే పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే చోట గండి క్షేత్రం ఉంది. రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడనీ, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం మిగిలిపోయిందనీ స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆరోగ్యం కోసం, ధైర్యం కోసం, పిల్లల చదువుల కోసం మొక్కుకుంటారు. ఆ స్వామిని అడగదగ్గ వరం ఇంకొకటి ఉంది. అది వాక్కు.

వాల్మీకి రామాయణం కిష్కింధాకాండ మూడో సర్గలో హనుమంతుడు భిక్షువు వేషంలో వచ్చి రామలక్ష్మణులను పలకరిస్తాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ రాముడు అడ్డు తగలడు. ఆ తర్వాత లక్ష్మణుడి వైపు తిరిగి ఆ మాటతీరును మెచ్చుకుంటాడు. ముఖంలో, కళ్లలో, నుదుట, కనుబొమల్లో ఎక్కడా వికారం లేదంటాడు. సాగదీయలేదు, తడబడలేదు, అనుమానానికి తావివ్వలేదు, గొంతు మధ్యమ స్థాయిలోనే నిలిచింది, అంతసేపట్లో ఒక్క అపశబ్దం దొర్లలేదు అంటాడు. ఉపన్యాసం ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద జాబితా అక్కర్లేదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం రాముడి చెవి. అడవిలో, భార్య కోసం వెతుక్కుంటూ, గుండె చెదిరి ఉన్న మనిషి ఒక అపరిచితుడి మాటను అంత నిదానంగా, కనుబొమ కదలిక కూడా వదలకుండా విన్నాడు.

ఇదే హనుమంతుడు సుందరకాండ ముప్ఫయ్యో సర్గలో చెట్టు మీద కూర్చుని చాలాసేపు తర్కించుకుంటాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే సీత తనను రావణుడనుకుని జడుసుకోవచ్చు. మామూలు మనుషుల భాషలో, ఆమె మనసుకు దగ్గరైన రాముడి కథతో మొదలుపెట్టడం మేలని తేల్చుకుంటాడు. ఎదుటివాళ్లు ఏ స్థితిలో ఉన్నారో చూసుకున్నాకే నోరు తెరిచాడు. సభాపిరికితనానికి కూడా ఇదే మంచి మందు. ‘నేను ఎలా కనబడుతున్నానో’ అన్న బెంగ పక్కకు పోయి, ‘వీళ్లకు ఏం కావాలి’ అన్న ఆలోచన వస్తే కాళ్ల వణుకు సగం తగ్గుతుంది.

మాటనూ వినికిడినీ ఒకే వేదిక మీద సాధన చేయించే విద్య మన తెలుగువాళ్ల దగ్గర ఉంది. అది అవధానం. దానికోసం వేంపల్లెవాళ్లు దూరం పోనక్కర్లేదు. ఎర్రగుంట్ల మీదుగా పోతే ప్రొద్దుటూరు. బంగారం అంగళ్లకు పేరుపడ్డ ఆ ఊరు అవధానానికీ పెద్ద పీట వేసింది. రాణాప్రతాపసింహ చరిత్ర రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని, శివభారతం రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి అక్కడివారే. ఇద్దరూ జంటగా అవధానాలు చేశారు. ఆ తర్వాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని సభలు చేయడంతో ఆగక, ఈ విద్య మీద పరిశోధించి ‘అవధాన విద్య’ అనే గ్రంథం రాశారు. నరాల రామారెడ్డి అవధానాలతోనూ ఆ ఊరి పేరు ముడిపడి ఉంది. కోస్తాలో తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ కళకు జనాదరణ తెచ్చారు గానీ, దాన్ని పండించినవాళ్లలో సీమ కవుల వాటా తక్కువేమీ కాదు.

అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు మధ్య మధ్య గంట కొడుతుంటారు. ఈ పద్యాలను ఒక్కసారిగా పూర్తి చేయరు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి, మళ్లీ మొదటికి వచ్చి రెండో పాదం ఎత్తుకుంటారు. అలా నాలుగు ఆవృత్తులు. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి, గంటలు ఎన్ని మోగాయో కూడా చెప్పాలి.

ఇందులో నిషిద్ధాక్షరి చూస్తే, అంటే పృచ్ఛకుడు అడుగడుగునా రాబోయే అక్షరాన్ని వద్దంటుంటే పద్యం అల్లడం చూస్తే, వినడమంటే ఏమిటో తెలుస్తుంది. గండి ఆంజనేయుడి మీద ఉత్పలమాల అడిగారనుకుందాం. అవధాని ‘వా’ అన్నాడు. పృచ్ఛకుడి చెవికి వెంటనే ‘వాయుసుత’ తోచింది. ‘య’ వద్దన్నాడు. అవధాని ‘న’ వేశాడు. ‘వానర’ వస్తోందని పసిగట్టి పృచ్ఛకుడు ‘ర’ వద్దన్నాడు. అవధాని క్షణం ఆగి ‘కు’ అన్నాడు. ‘వానకు’. వాయుసు, వానర, వానకు, మూడూ భగణాలే గనుక ఉత్పలమాల నడక చెడలేదు. విషయం మాత్రం స్వామి మీద నుంచి వాన మీదికి జరిగింది. ఇప్పుడు వానకు ఎదురుచూసే సీమను చెప్పి, మేఘాన్ని తెచ్చి, ఆ మేఘాన్ని మోసుకొచ్చే గాలిని పట్టుకుని, గాలిచూలి దగ్గరికి చేరాలి. పైగా రెండో అక్షరంగా ‘న’ పడింది కాబట్టి మిగిలిన మూడు పాదాల్లోనూ అక్కడ ఆ ప్రాసే రావాలి. తోవ మూసుకుపోయిన ప్రతిసారీ ఇంకో తోవ తీయడం అవధాని పని. ఎదుటివాడి నోట రాబోయే మాటను ముందే పట్టడం పృచ్ఛకుడి పని. ఆ కాసేపట్లో ఇద్దరిలో ఎవరి చెవి పదునైనదో చెప్పడం కష్టం.

పద్యం అడిగినవాళ్లకు అవధాని వెంటనే జవాబివ్వకపోవడం కూడా గమనించాలి. ఇచ్చిన సమస్యను, పదాలను పైకి ఒకసారి చెప్పి సరిచూసుకుంటాడు. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, అడిగినవాడికి తన మాట సరిగ్గా చేరిందన్న తృప్తి కలుగుతుంది. కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1957లో ‘యాక్టివ్ లిజనింగ్’ అన్న చిన్న పుస్తకంలో చెప్పిన సాధన దీనికి దగ్గరిదే: మనం విన్నది ఎదుటివాడికి మన మాటల్లో తిరిగి చెప్పాలి, అతను అవునన్నాకే ముందుకు పోవాలి. ఊళ్లో గట్టు తగాదా తీర్చే పెద్దమనిషి ఇరువైపులవాళ్లనూ ‘నువ్వనేది ఇదే కదప్పా’ అని అడగడం కూడా ఇదే.

అప్రస్తుత ప్రసంగం గురించి జనం నవ్వుకుంటూ చెప్పుకుంటారు గానీ, వక్తకు అది గట్టి కసరత్తు. పద్యం మధ్యలో ఉన్న అవధానిని సినిమా గురించో వంట గురించో అడిగి దారి తప్పించాలని చూస్తారు. కసురుకుంటే సభ చిన్నబుచ్చుకుంటుంది, జవాబులో మునిగిపోతే పద్యం పోతుంది. ఓ నవ్వుతో, ఓ చమత్కారంతో తేల్చి, వదిలిన అక్షరం దగ్గరికే రావాలి. గ్రామసభలో ఎవరో లేచి అరిచినప్పుడు సర్పంచికి, ఇంటర్వ్యూలో సంబంధం లేని ప్రశ్న ఎదురైనప్పుడు కుర్రవాడికి కావలసినది ఈ నిబ్బరమే.

ధారణ సంగతి వేరు. దాన్ని జ్ఞాపకశక్తి విన్యాసంగా చూసి చప్పట్లు కొట్టి వెళ్లిపోతే అన్యాయం చేసినట్టే. రోమన్లు ఉపన్యాస విద్యను ఐదు అంగాలుగా విడదీశారు: విషయం వెతకడం, క్రమంలో పెట్టడం, భాష, జ్ఞాపకం, వేదిక మీద చెప్పడం. సిసెరో, క్వింటీలియన్ వీటిని విస్తారంగా చర్చించారు. మైకులు, కాగితాలు, తెర మీద స్లైడులు వచ్చాక జ్ఞాపకాన్ని వదిలేశాం. కాగితం చూసి చదివే వక్త కళ్లు జనం ముఖాలను చూడవు. ఎవరికి అర్థమైంది, ఎవరికి విసుగొచ్చింది అతనికి తెలియదు. అవధానికి ఛందస్సు, ప్రాస కొక్కేల్లా పనికొస్తాయి. మామూలు వక్తకు ఆ కొక్కెం వరస: మొదట ఏ సంగతి, అక్కడి నుంచి దేనికి, ఎక్కడ ముగింపు. ఆ వరస గుర్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. మాటలనే బట్టీ పట్టినవాడు ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతాడు.

1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి. అక్కడా ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ‘ఆ’లు, ‘అంటే’లు ఎన్ని దొర్లాయో లెక్కపెడతారు, ఒకరు వ్యాకరణం చూస్తారు, ఒకరు చివర మంచిచెడ్డలు చెబుతారు. వినేవాళ్లకు కూడా పని అప్పగించడమే ఆ పద్ధతికి బలం. మన పృచ్ఛకులకు ఆ పని ఎప్పటి నుంచో ఉంది.

మన సభలు ఇప్పుడు ఎలా జరుగుతున్నాయో చూస్తే మనసు కష్టపడుతుంది. శాలువాలకు గంట, వందన సమర్పణకు అరగంట, ముఖ్య అతిథికి మిగిలింది. తన వంతు కాగానే మొదటి వక్త వెళ్లిపోతాడు. రెండో వక్త అదే సంగతి మళ్లీ చెబుతాడు, ఎందుకంటే మొదటివాడు మాట్లాడుతున్నప్పుడు ఫోనులో తలదూర్చాడు. ఈ చెవితో విని ఆ చెవితో వదిలే సభలో ఎంత గొప్ప గొంతైనా వృథాయే.

వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. పల్లె బడుల్లో పదో తరగతి పూర్తి చేసిన పిల్లలు అక్కడికి వస్తారు. ఉద్యోగాల వేటలో వాళ్లకు గ్రూప్ డిస్కషన్లు ఎదురవుతాయి. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా మాట్లాడాలని చాలామంది అనుకుంటారు. ముందు మాట్లాడినవాడి వాదాన్ని రెండు ముక్కల్లో చెప్పి, దానికి తన మాట జోడించేవాడికి అక్కడ విలువ ఎక్కువ. దానికి ఛందస్సు రానక్కర్లేదు.

పద్యం రాయలేని పిల్లలతో కూడా అవధానం ఆడించవచ్చు. చీనీ తోట గురించి రెండు నిమిషాలు మాట్లాడమని, ‘చెట్టు’, ‘నీళ్లు’, ‘కాయ’ అన్న మాటలు నిషేధించండి. మధ్యలో ఒకరు గంట కొట్టాలి, ఒకరు సంబంధం లేని ప్రశ్న అడగాలి. చివర మాట్లాడినవాడు గంటల లెక్క చెప్పాలి, విన్నవాళ్లు అతను చెప్పిన సంగతులను వరసగా చెప్పాలి. ఒక పీరియడ్ చాలు, ఖర్చు లేదు.

ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజున, బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, వక్తృత్వ పోటీలు పెడతాం, బహుమతులన్నీ మాట్లాడినవాళ్లకే ఇస్తాం. వేంపల్లె చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పే అయ్యవార్లను, టీచరమ్మలను నేను కోరేది ఒక్కటే. ఈసారి పోటీ అయ్యాక కింద కూర్చున్న పిల్లలను లేపి, ఎవరు ఏం చెప్పారో అడగండి. సరిగ్గా చెప్పిన బిడ్డకు కూడా ఒక మొదటి బహుమతి ఇవ్వండి.