'అమృతం' నవ్వు, అద్దె ఇంటి కులం

దళిత పత్రికలో 'అమృతం' సీరియల్ గురించి రాయడమేంటని మిత్రులు అడగొచ్చు. కారంచేడు (1985), చుండూరు (1991) గురించి రాసుకున్న పేజీల్లో కామెడీకేం పని అంటారు. కానీ మన పిల్లోళ్లు చూస్తున్నది దాన్నే. నంద్యాలలో రూములు తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదివే ఆళ్లగడ్డ పిల్లోళ్లు రాత్రి అన్నం తింటా సెల్లులో పెట్టుకునేది ఈ పాత ఎపిసోడ్లే. పగలబడి నవ్వుతారు. మేమూ నవ్వాము, ఇంకా నవ్వుతాము. ఆ నవ్వు ఎవరి బతుకులోంచి పుట్టిందనేదే మా ప్రశ్న.

గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ సీరియల్ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది. ఎపిసోడ్లు 300కు పైనే. కత మీకు తెలిసిందే: అమృతం, అంజి అనే ఇద్దరు మిత్రులు, వాళ్ల భార్యలు సంజీవిని, శాంత, ఇంటి ఓనరు అప్పాజీ, 'అమృత విలాస్' అనే హోటలు, అందులో సర్వరు సర్వం. బూతు లేదు. ఆ రోజుల సినిమా కామెడీలా నల్లటోళ్లనీ, యాస మాట్లాడేటోళ్లనీ ఏడిపించి పబ్బం గడుపుకోలేదు. రాత బాగుంది. ఇది ఒప్పుకోకుండా విమర్శ మొదలుపెట్టడం న్యాయం కాదు.

అయితే ఈ ఇంట్లోకి వీళ్లు ఎట్లా వచ్చారు? నంద్యాలలో రూము కోసం తిరిగిన ఏ మాల మాదిగ పిల్లోడికైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే. అప్పాజీ అద్దె కోసం అరుస్తాడు, తిడతాడు. కానీ "మీరేంటోళ్లు?" అనే ప్రశ్న ఎప్పుడో దాటిపోయాకే కత మొదలైంది. మన కత ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అడ్వాన్సు చేతిలో పట్టుకుని నిలబడితే "మా తమ్ముడు వస్తానన్నాడు" అంటారు. ఇల్లు మాత్రం నెల తర్వాత కూడా ఖాళీగానే ఉంటుంది. పౌరహక్కుల పరిరక్షణ చట్టం (1955) నివాసం విషయంలో అంటరానితనం పాటించడాన్నీ నేరమే అంది. కానీ లేని తమ్ముడి మీద కేసు ఎట్లా పెడతారు?

సిట్‌కామ్‌కి ఒక నియమముంది. ఈ ఆదివారం ఎంత కొంప మునిగినా, వచ్చే ఆదివారానికి అంతా మొదటికొస్తుంది. అమృతం ఎన్ని తిక్క పనులు చేసినా అదే ఇల్లు, అదే హోటలు. శివాజీరాజా పోయి నరేష్, తర్వాత హర్షవర్ధన్ వచ్చారు. అంటే అమృతం మనిషే మారిపోయాడు, ఆ ఇంట్లో అతని చోటు మాత్రం కదల్లేదు. (అంజిగా గుండు హనుమంతరావు నిలబడ్డాడు, ఆ మనిషి లేకుంటే ఈ సీరియలే లేదు.) మళ్లీ మళ్లీ ఫెయిలయ్యే హక్కు ఇది. పై కులపోడు ఫెయిలైతే అమాయకుడు, మనోడు ఒక్కసారి ఫెయిలైతే "రిజర్వేషన్ క్యాండిడేటు". రెండో అటెంప్టుకి ఊర్నించి డబ్బు తెప్పించుకునే పిల్లోడికి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక హోటలు. 'విలాస్' అనే పేరు వినగానే ఏ రకం హోటలో, ఎవరి వంటో మన ముందుతరాలకు అర్థమయ్యేది. 1957లో పెరియార్ మద్రాసులో ఒక హోటలు బోర్డు మీది 'బ్రాహ్మణ' అనే మాట తీయించడానికి ఉద్యమమే నడపాల్సి వచ్చింది. హోటళ్లలో అందరికీ ప్రవేశముండాలని రాజ్యాంగం 15(2)లో ప్రత్యేకంగా రాసుకోవాల్సి రావడం ఊరికే కాదు. అమృత విలాస్‌లో గ్లాసు గురించి గొడవ జరగదు. టీ బాగాలేదనేదే గొడవ. మా వైపు పల్లెల్లో టీ బాగుందా లేదా అనేది రెండో మాట, ఏ గ్లాసులో పోశారనేది మొదటిది. ఇప్పుడు పేపరు కప్పులొచ్చాయి, అంటరానితనం పోయిందంటున్నారు. గ్లాసు పోయింది, నిజమే.

సర్వం సంగతి చూడండి. పేరులో అంతా ఉంది. వడ్డించేది అతనే, తిట్లు తినేది అతనే. వాసు ఇంటూరి ఆ పాత్రను ఎంత బాగా చేశాడంటే, ఓనర్ల కంటే అతనే తెలివైనవాడని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. మరి కెమెరా ఎన్నిసార్లు అతని ఇంటికి పోయింది? అతనికి అద్దె ఇల్లు ఎవరిచ్చారు? అదొక్కటి రాసుంటే మేము ఈ వ్యాసం ఇంకోరకంగా రాసేవాళ్లం.

'అమృతం ద్వితీయం' 2020 మార్చి 25న, ఉగాది రోజు, జీ5లో మొదలైంది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. ఇళ్లున్నవాళ్లు ఇళ్లలో కూర్చుని పాత అమృతాన్నీ కొత్త అమృతాన్నీ చూశారు. రూముల్లో పిల్లోళ్లు పెట్టె సర్దుకుని, ఆళ్లగడ్డకు బస్సు లేక, నలభై కిలోమీటర్లు ఎట్లా పోవాలా అని లెక్కలేసుకున్నారు.