అరచేతికి వినబడే తీగ

ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు నా కుర్చీ పోరు కొత్త కాదు. బేస్ గిటార్ వాయించేవాళ్ళు ఆంప్ డబ్బాను నేలమీద పెట్టకండి, కుర్చీ ఎక్కించండి అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అన్నిటికన్నా లావుపాటి ‘ఇ’ తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. దాని అల ఒక్కొక్కటి 8 మీటర్ల పైమాటే. డబ్బాను నేలకు ఆనించి మూలకు నెట్టామంటే నేలా రెండు గోడలూ కలిసి ఆ మంద్రాన్ని ఉబ్బిస్తాయి. స్వరం పోయి ఉరుము మిగులుతుంది. వాయించేవాడి మోకాళ్ళకు తగిలే మోత వాడి చెవిదాకా రాదు. వినబడటం లేదని వాడు ఇంకా పెంచుతాడు. అదే డబ్బాను కుర్చీ మీద, గోడకు నాలుగడుగులు ఎడంగా పెడితే తన తప్పొప్పులు తనకు తెలుస్తాయి. సగం చాలు, సరిపోతుంది.

పోయిన ఆదివారం మన ఊరి కరెంటు మగ్గాల పేట పద్మనగర్‌లో ఒక పెళ్ళి విందుకు వెళ్ళాను. ధామన్కర్ నాకా దగ్గర దిగి నడిచి పోయేసరికే ఆర్కెస్ట్రా మొదలైంది. బేస్ వాయిస్తున్న కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి. చెక్కబల్లల వేదిక మీద వెనక మూలన డబ్బా, దాని గుండీ దాదాపు చివరిదాకా తిప్పేసి ఉంది. బల్ల మీది నీళ్ళ గ్లాసుల్లో వలయాలు లేస్తున్నాయి. పాట ఏదో పల్లవిలో తెలియలేదు, చరణంలో గుర్తుపట్టాను.

విరామంలో వాడి దగ్గరికి వెళ్ళాను. ‘కాకా, ఎట్లుంది?’ అన్నాడు ఆశగా. డబ్బా కుర్చీ ఎక్కాలన్నాను. ఆ తర్వాత వాడి ఎడమచెయ్యి పట్టుకుని చూశాను. మణికట్టు దగ్గర నరం బిగిసి ఉంది. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుదాకా నాలుగు వేళ్ళూ చాపి నొక్కుతున్నాడు. మామూలు 34 అంగుళాల బేస్ మీద ఆ దూరం 5 అంగుళాలు. నిలువు బేస్ వాయించేవాళ్ళు ఆ సాహసం చెయ్యరు. వియన్నాలో 19వ శతాబ్దంలో ఫ్రాంజ్ సిమాండల్ రాసిన పాఠాల నుంచీ వాళ్ళ పద్ధతి ఒకటే: చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు. ఉంగరంవేలు చిటికెనవేలుకు తోడుగా నిలబడుతుంది. తల దగ్గరి మెట్ల మీద బేస్ గిటార్‌కూ అదే మేలు. వేళ్ళను సాగదియ్యకు, చేతినే జరుపు అన్నాను. మెట్టు మీద కాదు, మెట్టుకు ఆనుకుని వెనక నొక్కు, సగం బలం చాలు అన్నాను. కుడిచేత్తో తీగను మీటడం ఎంత ముఖ్యమో ఆపడం అంత ముఖ్యం, స్వరం ఎక్కడ ఆగిందో అక్కడే తాళం నిలబడుతుంది అన్నాను. మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ కుడి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడని, అతను మొదట నేర్చుకున్నది నిలువు బేసేనని కూడా చెప్పాను.

కుర్రాడు బుద్ధిమంతుడు. చెప్పినట్టే డబ్బాను ప్లాస్టిక్ కుర్చీ ఎక్కించాడు, గుండీ సగానికి తిప్పాడు. తర్వాతి పాట శుభ్రంగా వచ్చింది. గాయని మాట స్పష్టమైంది, తబలా విడిగా తెలిసింది. ఈ వారం కాలమ్ దొరికిందనుకున్నాను. ఇక్కడితో ఆగిపోయేదే.

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చెయ్యూపి పిలిచాడు. నలభై ఏళ్ళు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిన మనిషి. వేదిక అంచుమీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ‘బిడ్డా, ఇందాక పాట ఇనవడ్డది. గిప్పుడు ఇనవడుతలేదు. కరెంటు పోయిందా దానికి?’ అన్నాడు.

ఆ అరచెయ్యి చూడగానే మా బాపు గుర్తొచ్చాడు.

బాపు జాబర్. సాంచా మొరాయిస్తే బాగుచేసేది ఆయనే. కరీంనగర్ జిల్లా నుంచి పడుగు, పేక తెలిసిన చేతులతో వచ్చి, చేతిమగ్గం వదిలి, కరెంటు మగ్గం నేర్చుకున్న తరం. నాడె పెట్టెలోకి వచ్చి పడే దెబ్బ, పికర్ కొట్టే దెబ్బ నిమిషానికి నూరుకు పైగా పడే షెడ్డులో, ఒకదాని పక్కన ఒకటి ఇరవైనాలుగు సాంచాలు. అలాంటి షెడ్డుల్లో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో రోజుకు 8 గంటలకు గీసిన గీత ఆ తొంభయ్యే. బాపు చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. నేను పదో తరగతికి వచ్చేసరికి అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. కానీ ఏ సాంచాలో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. చట్రం మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, కాసేపు నిలబడేవాడు. తర్వాత పానా అందుకునేవాడు.

నా మొదటి బేస్ సెకండ్‌హ్యాండ్‌ది, ఆంప్ లేనిది. షెడ్డు వెనక గదిలో రాత్రిపూట సాధన. ఆ మోతలో లావు తీగ శ్రుతి చెవికి అందేది కాదు. ‘ఇ’ తీగను ఐదో మెట్టు మీద, ‘ఎ’ తీగను ఏడో మెట్టు మీద నొక్కకుండా వేలు తాకించి మీటేవాణ్ణి. పుట్టిన రెండు సన్నని స్వరాల మధ్య ఊగిసలాట ఆగేదాకా బిరడా తిప్పేవాణ్ణి. ఈనాటికీ నేను చెప్పే పద్ధతి అదే. ఇప్పుడు బేస్ తలకు తగిలించే ట్యూనర్లు వచ్చాయి. అవి గాలిలోని మోతను కాదు, చెక్కలోని వణుకును చదువుతాయి కాబట్టి సాంచాల మోత ఉన్న మన ఊళ్ళో వాటికి సాటి లేదు. ఆంప్ లేని లోటుకు నేను కనిపెట్టుకున్న ఉపాయం చెక్క బీరువా. బేస్ తలను బీరువా తలుపుకు గట్టిగా ఆనించి మీటితే బీరువా అంతా పలికేది. ఆంప్ కొనలేని పిల్లలు ఇవాళ రాత్రే చేసి చూడండి.

ఆదివారాలు దాదర్‌లో ఒక గోవా మాస్టారి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో నిలువు బేస్ వాయించిన మనిషి. ధామన్కర్ నాకాలో రిక్షా ఎక్కి కల్యాణ్, అక్కణ్ణుంచి లోకల్. ఒకసారి బాపు నాతో వచ్చాడు. కొడుకు ఇంత దూరం ఎందుకు పోతున్నాడో చూద్దామని. మాస్టారిది పాతకాలపు ఇల్లు, చెక్క నేల. ఆయన బేస్ కాలి మొనను ఆ పలకలో గుచ్చి, కమానుతో లావు తీగను నెమ్మదిగా లాగారు. బాపు గుమ్మం పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు. ముందు తన పాదాల వంక చూసుకున్నాడు. తర్వాత నడిచి వెళ్ళి, అడక్కుండానే, బేస్ వీపు మీద అరచెయ్యి పెట్టాడు. సాంచా చట్రం మీద పెట్టినట్టే పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు కమాను ఆపలేదు. తీగ మార్చారు, స్వరం మార్చారు. మార్చిన ప్రతిసారీ బాపు తల ఊపాడు. ‘ఇది ఇనవడ్డదిరా’ అన్నాడు నాతో. ఇంట్లో నేను వాయించినదేదీ అంతకుముందు ఆయనకు వినబడలేదని నాకు అప్పుడు తెలిసింది.

మోతవల్ల చెవి దెబ్బతినడం సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మాటలో స, శ, త లాంటి అక్షరాలకు పదునిచ్చే పై శబ్దాలు ముందు పోతాయి. గాయని మాట, వేణువు అంచు, తాళాల మెరుపు ఒక్కొక్కటే జారిపోతాయి. మంద్రం చాలాకాలం నిలుస్తుంది. చెవికి అందకపోయినా పాదానికి, అరచేతికి, ఛాతీకి అందుతుంది. పద్మనగర్‌లో ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు వరసలో కూర్చునే తాతలు, పెద్దబాపులు సాంచాల మధ్య బతికినవాళ్ళే. వాళ్ళకు పాటలో మిగిలింది మనం వాయించే తీగే. ఇన్నేళ్ళుగా కుర్చీ కుర్చీ అని రాసినప్పుడు నేను వాయించేవాడి చెవి గురించే ఆలోచించాను.

పాట అయ్యాక మళ్ళీ వేదిక ఎక్కాను. కుర్రాడూ నేనూ కలిసి డబ్బాను కుర్చీ మీంచి దించాం. మూలకు కాదు, వేదిక ముందంచుకు దగ్గరగా, చెక్కబల్లల మీద నేరుగా పెట్టాం. తివాచీ మడిచి కిందనుంచి తీసేశాం. గుండీని సగం దాటనివ్వలేదు. ఎందుకంటే ఎక్కువ మోత ఆ పెద్దాయనకు ఇంకేమీ ఇవ్వదు, ఈ పిల్లవాడి చెవులను మాత్రం ఆయన చెవుల్లా చేస్తుంది. అందుకే నా జేబులోని ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు వాడికిచ్చాను. వాడికి తన స్వరం తెలిసేలా డబ్బా మొహాన్ని కాస్త వెనక్కి వాల్చి, కింద చెక్కముక్క పెట్టాం.

కాబట్టి పాఠకులారా, కుర్చీ మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. సిమెంటు నేల, మూసిన గది, ఒంటరి సాధన అయితే కుర్చీయే. చెక్క వేదిక, ఎదురుగా సాంచాల నుంచి వచ్చిన పెద్దలు ఉంటే డబ్బా బల్లల మీద ఉండాలి, గుండీ కింద ఉండాలి. డబ్బాకు చోటు వెతికేముందు ముందు వరస చూడండి.

‘మరి ఈ కుర్చీ ఏం చెయ్యాలె కాకా?’ అన్నాడు కుర్రాడు. ఆ కుర్చీ నేనే పట్టుకుని కిందికి దిగాను. వేదికను ఆనుకుని వేసి, పెద్దాయన్ను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పాట మొదలైంది. ఆయన అరచెయ్యి బల్ల మీద ఆనించి, కాసేపు కదలకుండా ఉండి, నెమ్మదిగా ఒక వేలితో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు.