అడిగే తీరు మారాలి

ఈ వారం బంధువులమ్మాయికి తోడుగా సూర్యారావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్‌లో కూర్చున్నావిడ ఒక గర్భిణిని అందరికీ వినపడేలా నిలదీస్తోంది: "చదువుకున్నోళ్లే కదా, మేనరికం ఎందుకు చేసుకున్నారమ్మా?" నాకు ఒళ్లు మండింది. వెనకే అవనిగడ్డ నుంచి వచ్చిన అమ్మాయి వంతు. "దగ్గర సంబంధం కాదండీ" అని రాయించేసింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాక వాళ్లత్తగారు మెల్లగా అంది: "నా తమ్ముడి కూతురేనండీ. తొలి బిడ్డ పుట్టగానే పోయింది." డాక్టరుగారికైనా ఉన్నదున్నట్టు చెప్పండమ్మా అని బతిమాలాను.

ఆ అబద్ధం ఎంత ప్రమాదమో చూడండి. మెకెల్ గ్రూబర్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బుంది. బిడ్డ బతకదు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు; ఒకే జన్యువులో లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. స్కాన్‌లో గుర్తులు మూడు: తల వెనక ఎముకలోని సందులోంచి పొడుచుకొచ్చిన మెదడు, నీటితిత్తులతో ఉబ్బిన కిడ్నీలు, ఆరో వేలు. 11 నుంచి 14 వారాలకే ఇవి కనిపించగలవు. తర్వాత కిడ్నీలు పనిచేయక ఉమ్మనీరు తగ్గుతుంది. నీరు తగ్గితే బొమ్మ మసకబారుతుంది, వేళ్లు లెక్కపెట్టడం కష్టం. బిడ్డ అవయవాలన్నీ పరిశీలించే టిఫా స్కాన్ చేసేది సాధారణంగా 18–22 వారాలకు. అంతకుముందే ఫలానా చోట వెతకాలని డాక్టరుకు తట్టాలంటే చుట్టరికం, పోయిన బిడ్డ సంగతి తెలియాలి.

మేనరికాలు వద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. పొలం చేయి దాటకూడదని, పిల్ల కళ్లెదుటే ఉండాలని మన డెల్టాలో చేసిన పెళ్లిళ్లు ఎన్నో. బావామరదళ్ల కంటే మేనమామ, మేనకోడళ్ల పిల్లలకు ముప్పు ఎక్కువ. ఆ మాట మీదే ఉన్నాను. కానీ అది చెప్పాల్సింది పెళ్లిచూపులకు ముందు. కడుపుతో వచ్చిన మనిషిని దెప్పితే మేనరికం ఆగదు, నిజం ఆగిపోతుంది. పైగా దగ్గర సంబంధాల్లోనూ ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు.

స్కానింగ్ సెంటర్ల వారికి నా విన్నపం ఒక్కటే: దగ్గర సంబంధమా అన్న ప్రశ్న తలుపు వేసి, నెమ్మదిగా అడగండి. ఇంటి పెద్దలకు: చుట్టరికం దాచకండి. బిడ్డ దక్కకపోతే, ఎంత దుఃఖంలో ఉన్నా కారణం తేల్చమని పట్టుబట్టండి. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల జన్యు పరీక్షలు చేస్తారు. లోపం ఏదో తేలితే, వచ్చే కాన్పులో 11 వారాలు దాటాక మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించి చెప్పగలరు.