కండ బరువు వేరు, కండ బలం వేరు

ఆకలి పుడితే తిండి సయిస్తుంది, తిండి సయిస్తే కండ పడుతుంది అని లోకంలో అందరూ అనుకొనే మాట. ఈ మాటను వైద్యశాస్త్రం ప్రయోగాలకు పెట్టి చూచింది. ఆ ప్రయోగాల ఫలితాలను ఏ విధంగా అర్థం చేసికోవాలన్నదే ఇక్కడ విచారింపవలసిన విషయం.

1999లో జపాను శాస్త్రజ్ఞులు కోజిమా, కంగావాలు జీర్ణాశయంలో తయారయ్యే ఒక హార్మోనును కనుగొన్నారు. 28 ఎమైనో ఆమ్లాలు గొలుసుకట్టుగా చేరి ఏర్పడిన ఈ పదార్థం పేరు గ్రెలిన్. ఇది భోజనానికి ముందు రక్తంలో హెచ్చుతుంది, భోజనానంతరం తగ్గుతుంది. మెదడులో ఆకలిని ప్రేరేపించడమే కాక, పీయూష గ్రంథిచేత పెరుగుదల హార్మోనును కూడ విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను ప్రభావంవల్ల కాలేయంలో ఇన్సులిన్‌ను పోలిన వృద్ధికారకం ఒకటి తయారై, కండరాలలో మాంసకృత్తుల నిర్మాణానికి తోడ్పడుతుంది. కనుక గ్రెలిన్ కండను పెంచగలదని ఆశించడం సహేతుకమే.

క్యాన్సరు రోగులు పలువురు క్రమంగా కృశించిపోతారు. కొవ్వుతోపాటు కండ కూడ కరిగిపోతుంది, తిన్నది ఒంటబట్టదు. ఇట్టివారికోసం గ్రెలిన్‌వలె పనిచేసే ఎనమోరెలిన్ అనే మందును రూపొందించారు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో కృశించిన 979 మందిపై దీనిని 12 వారాలపాటు పరీక్షించారు. రోమానా-1, రోమానా-2 అనే ఈ పరీక్షల ఫలితాలు 2016లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వెలువడినవి. ఎవరికి మందు ఇచ్చారో, ఎవరికి మందు లేని మాత్ర ఇచ్చారో రోగికిగాని వైద్యునికిగాని తెలియకుండ జాగ్రత్తపడ్డారు. ఇది మెచ్చుకోదగిన పద్ధతి.

మొదటి పరీక్షలో, మందు తీసికొన్నవారి కొవ్వులేని దేహభారం 0.99 కిలో పెరిగింది, తక్కినవారిలో 0.47 కిలో తగ్గింది. రెండవ పరీక్షలోను ఫలితం ఇదే తీరున ఉన్నది. ఐతే పిడికిలి పట్టును కొలిచి చూడగా, రెండు వర్గాలకు చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. బరువు వచ్చింది, బలం రాలేదు.

దీనికి కారణం కొంతవరకు కొలతలోనే ఉన్నది. ఇక్కడ వాడిన ఎక్స్-కిరణాల పద్ధతి దేహాన్ని ఎముక, కొవ్వు, మిగిలిన భాగం అని మూడుగా విభజిస్తుంది. ఆ మిగిలిన భాగంలో కండరాలతోపాటు కాలేయం వంటి అవయవాలు, నీరు కూడ చేరి ఉంటవి. పెరుగుదల హార్మోను దేహంలో నీటిని నిలుపుతుందన్నది తెలిసిన విషయమే. కాబట్టి పెరిగిన భారమంతా కండరమే అనుకోరాదు. పైగా కండర బలం నాడుల పనిమీద, వ్యాయామంమీద కూడ ఆధారపడుతుంది. పరిశోధకులు రెండు కొలతలను ముందే ముఖ్యమైనవిగా నిర్ణయించుకొని, అనుకూలించని దానిని దాచక ప్రకటించడం వారి నిజాయితీకి నిదర్శనం. ఐరోపా ఔషధ సంస్థ 2017లో ఈ మందును నిరాకరించింది. జపాను తన దేశంలో జరిగిన పరీక్షలను కూడ పరిశీలించి 2021లో అంగీకరించింది.

ఇదే పొరపాటు ఎదురుదిశలో కూడ జరుగవచ్చును. పేగులలో పుట్టి ఆకలిని తగ్గించే జి.ఎల్.పి.-1 అనే హార్మోనును అనుకరించే మందు సెమాగ్లూటైడ్. 2021లో వెలువడిన ఒక పరీక్షలో, 68 వారాలు దీనిని తీసికొన్న స్థూలకాయుల బరువు సగటున సుమారు 15 శాతం తగ్గింది. వారిలో కొందరిని ఎక్స్-కిరణాలతో కొలువగా కొవ్వు 19.3 శాతం, కొవ్వులేని దేహభారం 9.7 శాతం తగ్గినట్లు తేలింది. ఈ రెండవ అంకెను మాత్రమే చూచి, కండ అంతా కరిగిపోతున్నదని భయపడడం తొందరపాటు. దేహంలో కొవ్వులేని భాగపు నిష్పత్తి నిజానికి కొంత పెరిగింది. అట్లని ఆ నష్టాన్ని తేలికగా తీసివేయరాదు. ముఖ్యంగా వృద్ధులలో కండ తగ్గితే పడిపోయే ప్రమాదం హెచ్చుతుంది. బలాన్ని కొలిచి చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఇటువంటి వార్తలను తరగతిలో చర్చించేటప్పుడు ఉపాధ్యాయులు విద్యార్థులచేత మూడు ప్రశ్నలు వేయించవచ్చును. కొలిచినది కండరాన్నా, కండరంతోపాటు మరికొన్నిటినా? ఎంతకాలం కొలిచారు? రోగి కుర్చీలోనుండి లేవడం, మెట్లెక్కడం, బిందె ఎత్తడం ఏమైనా సులభమైనదా? కృశించిన రోగికి కావలసినది ఈ మూడవ ప్రశ్నకు సమాధానమే.