రాఘవాపురం షేలు: కింగు గ్రంథంపై ఒక విమర్శ

వట్లూరుకు దక్షిణాన కొల్లేటి పల్లపు భూములు, ఉత్తరాన మెట్టసీమ ఉన్నవి. ఆ మెట్టసీమ శిలలను వర్ణించిన ముఖ్య గ్రంథం, భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగు 1880లో ప్రకటించినది. అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, నడుమ రాఘవాపురం షేలు, పైన తిరుపతి ఇసుకరాయి అనే వరుస నేటికీ నిలిచి ఉన్నది. (ఈ తిరుపతి మన ద్వారకా తిరుమలయే.)

షేలు అంటే పొరలుగా చీలే బంకరాయి. రాఘవాపురం షేలు వయస్సు 10 కోట్ల ఏండ్లకు పైమాటే. దీనిలో ఆకుల ముద్రలతోబాటు సముద్రజీవుల గుల్లలు కూడ దొరకుట వలన, ఇది తీరానికి చేరువగా సముద్రంలో పేరుకున్న బురద అని తెలియుచున్నది. ఇంతవరకు కింగు చూపిన దారి సరియైనదే.

లోపమల్లా సాధనాలది. ఆనాడు క్షేత్రపరిశీలనలో సుత్తి, కన్నే ముఖ్యాధారాలు. నేలపై ఈ షేలు తెలుపు, లేత పసుపు, ఊదా రంగులలో కనిపించును. ఆ గ్రంథాన్ని మాత్రమే చదివిన విద్యార్థి, ఆనాటి సముద్రపు బురద రంగు అదేనని భ్రమపడవచ్చును. కాని కృష్ణా–గోదావరి పరీవాహంలో చమురు కోసం తవ్విన లోతైన బావులలో ఇదే షేలు ముదురు బూడిద రంగున, సేంద్రియ పదార్థంతో నిండి ఉన్నది. చమురుకు, సహజవాయువుకు పుట్టినిల్లుగా దీనిని ఇప్పుడు గుర్తించుచున్నారు.

ఈ తేడాకు కారణమేమి? గాలి చొరని సముద్రపు బురదలో సూక్ష్మజీవులు నీటిలోని గంధకితాన్ని గంధకిదంగా మార్చును. అది ఇనుముతో కలిసి కొంతకాలానికి పైరైటు అగును. బురద రాయిగా మారుటలో ఇది తొలి మెట్టు. కోట్ల ఏండ్ల తరువాత ఆ రాయి నేలపైకి తేలగా, గాలి, వాన తగిలి పైరైటు తుప్పుపట్టును. అప్పుడు పుట్టిన ఆమ్లం బంకఖనిజాలను సైతం మార్చును. కనుక పైన కనిపించే రంగు చాలవరకు వానలు వ్రాసినదే కాని సముద్రం వ్రాసినది కాదు.

బంకఖనిజాలను ఎక్స్-కిరణాలతో గుర్తించుట 1920 తరువాతి మాట. అవి ఎక్కువగా నేల నుండి కొట్టుకొనివచ్చినవేనని 1958లో వీవర్ వాదించెను. అందుచేత కయొలినైటు కనిపించినంత మాత్రాన తీరం దగ్గరనే ఉండెనని తీర్మానించరాదు. అది నదులు తెచ్చినదా, తరువాత ఏర్పడినదా అని ముందు తేల్చవలెను.

ఉపాధ్యాయులు ఉప్పుటేటి ఒడ్డున లోతుగా త్రవ్విన నల్లబురదను పళ్లెంలో పరచి, కొన్ని దినాలు గాలికి ఉంచి, రంగు మారునేమో విద్యార్థుల చేత గమనింపజేయవచ్చును. కింగు వరుసను నేర్వవలసినదే. ఆయన చూచిన రంగులను మాత్రం పరీక్షించి నమ్మవలెను.