వెనకాల నిలబడే మనిషి

అమెరికన్ ఫుట్‌బాల్ శిబిరాల్లో ఆగస్టు నెలాఖరుకి ఒక మాట వినపడుతుంది. “కోచ్ రమ్మంటున్నాడు, నీ ప్లేబుక్ కూడా పట్టుకురా.” ఆ కబురు మోసుకొచ్చే మనిషిని ఆటగాళ్ళు ‘టర్క్’ అంటారు. ప్లేబుక్ అంటే జట్టు వ్యూహాలన్నీ రాసి ఉన్న పుస్తకం. దాన్ని తిరిగి ఇచ్చెయ్యమన్నారంటే ఆ ఊళ్ళో నీ పని అయిపోయినట్టే. ఇప్పుడు పుస్తకం బదులు ట్యాబ్లెట్ వచ్చింది. అర్థం మాత్రం అదే. శిబిరానికి 90 మంది వస్తే సీజన్‌కి 53 మంది మిగులుతారు. 32 జట్లు, జట్టుకి 37 మంది చొప్పున 1,184 మంది బయటికి పోతారు. వాళ్ళలో కొందరిని సాధన బృందంలో ఉంచుకుంటారు. మిగతావాళ్ళు సంచీ సర్దుకుని ఫోను మోగుతుందేమోనని ఎదురుచూస్తారు.

న్యూజెర్సీ వచ్చిన కొత్తలో ఈ ఆట నాకు అంతుపట్టలేదు. నాలుగైదు సెకన్లు కదలడం, అరనిమిషం ఆగడం. అందరిలాగే నేనూ బంతినే చూసేవాణ్ణి. ఒక ఆదివారం రీప్లేలో మైదానమంతా పైనుంచి చూపించారు. అందరికీ వెనక, పదిహేను గజాల దూరంలో ఒక మనిషి ఒంటరిగా మోకాళ్ళు కాస్త వంచి వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. ఆ నిలబడే తీరు నాకు తెలుసు. హైస్కూల్లో నేను కబడ్డీ జట్టుకి కవర్ ఆడేవాణ్ణి. “ఒరేయ్, రైడర్ కాళ్ళు చూడకు, చేతులు చూడకు, నడుం చూడు. కాళ్ళు అబద్ధం చెప్తాయి, నడుం చెప్పదు” అనేవారు మా డ్రిల్లు మాస్టారు. ఇక్కడి కోచ్‌లు కూడా కుర్రాళ్ళకి అదే నేర్పుతారని తెలిసిన రోజు ఈ ఆట నాకు సొంతమైంది. ఆ వెనకాల మనిషిని ‘సేఫ్టీ’ అంటారు. తనని దాటి ఎవడూ, ఏ బంతీ వెళ్ళకుండా చూడటం అతని పని.

అలాంటి ఒక సేఫ్టీ గురించి ఈ వారం రాయాలనిపించింది. పేరు మైక్ ఆడమ్స్. మా రాష్ట్రంలోనే పాటర్సన్ అనే ఊరివాడు. పసాయిక్ నది జలపాతం పక్కన, ఒకప్పుడు పట్టు మిల్లులతో బతికిన ఊరు అది. డెలావేర్ యూనివర్సిటీలో ఆడాడు. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే 2004 డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లలో ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు శాన్ ఫ్రాన్సిస్కో శిబిరానికి వెళ్ళి, జట్టులో నిలబడ్డాడు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్, డెన్వర్, ఇండియానాపొలిస్, కరోలైనా, చివరికి 2019లో హ్యూస్టన్. ఆరు జట్లు, పదహారు సీజన్లు. ఈ లీగ్‌లో ఆటగాడి ఆయుష్షు సగటున మూడేళ్ళకు కాస్త పైన అని ఆటగాళ్ళ సంఘమే చెప్తుంది.

ఇలాంటివాణ్ణి ఇక్కడ ‘జర్నీమ్యాన్’ అంటారు. ఊళ్ళు తిరుగుతాడు కనక, ప్రయాణం అనే మాటలోంచి వచ్చిందని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఫ్రెంచిలో ‘జూర్నే’ అంటే ఒక రోజు. శిష్యరికం పూర్తిచేసి, పని క్షుణ్ణంగా నేర్చుకుని, సొంత కొట్టు లేక ఏ రోజుకారోజు కూలికి వెళ్ళే పనివాడు జర్నీమ్యాన్. మన రోజుకూలి మేస్త్రీ అన్నమాట. ఆ మాటలో తక్కువతనమేమీ లేదు. పని రానివాడు జర్నీమ్యాన్ కాలేడు. కాగితం మీద మూడేళ్ళ ఒప్పందం ఉన్నా ఇలాంటి ఆటగాళ్ళలో చాలామంది జీతానికి పూచీ ఉండదు. ఈ రోజు పని బాగుంటే రేపు రమ్మంటారు, అంతే.

కూలి ఒక ఎత్తు, ఊరు మారిన ప్రతిసారీ కొత్త భాష నేర్చుకోవడం ఇంకో ఎత్తు. మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు. ఇద్దరు సేఫ్టీలు చెరో సగం కాసే పద్ధతి ఒకటి. ఒకడు మధ్యలో మూడోవంతు కాస్తే రెండు అంచులూ కార్నర్‌లు అనే పక్క కాపలాదార్లు కాసే పద్ధతి మరొకటి. ఈ మూలసూత్రాలు ఎక్కడైనా అవే. కానీ ఒక జట్టు ఒక పేరుతో అరిచిన ఎత్తుని ఇంకో జట్టు వేరే పేరుతో పిలుస్తుంది. ఎదుటి జట్టు ఒక్క రిసీవర్ని, అంటే బంతి అందుకునేవాణ్ణి, అటునుంచి ఇటు జరిపితే చాలు, వెనకనుంచి అంతా చూస్తున్నవాడు సేఫ్టీయే కాబట్టి అతనే అరవాలి, చేత్తో చూపించాలి, పక్కవాణ్ణి సర్దాలి. రెండు మూడు సెకన్లే సమయం. పాత ఊరి మాట నోట్లోంచి వచ్చిందా, పక్కవాడు తప్పు చోటికి పరుగెత్తుతాడు. ఆరు జట్ల భాషలు నేర్చుకుని, ప్రతిసారీ వెనకటిది నాలుక మీదికి రాకుండా ఆపుకున్న మనిషి తెలివిని కండబలం కింద జమకట్టడం నాకు ఒప్పుదల కాదు.

క్లీవ్‌లాండ్‌లో ఆడమ్స్ ఆడిన చివరి నాలుగేళ్ళలో, 2008 నుంచి 2011 దాకా, ఆ జట్టు 64 ఆటల్లో 18 గెలిచింది. ఓడిపోయే జట్టులో ఆదివారం తర్వాత ఆదివారం వెనకాల నిలబడి ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తర్వాత డెన్వర్. 2013 జనవరి 12న ఆ ఊళ్ళో జరిగిన ఆట నేను మర్చిపోలేను. గడ్డకట్టే చలి. డెన్వర్ ఏడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. బాల్టిమోర్ ఇంకా డెబ్భై గజాలు వెళ్ళాలి. అలాంటప్పుడు సేఫ్టీకి ఒకటే సూత్రం, నీ వెనక్కి ఎవర్నీ పోనివ్వకు. బాల్టిమోర్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో బంతిని ఎత్తుగా, దూరంగా విసిరాడు. డెన్వర్ సేఫ్టీ రహీమ్ మూర్ ఎగిరాడు. బంతి అతని మీదుగా దాటిపోయింది. బాల్టిమోర్ రిసీవర్ జాకోబీ జోన్స్ అందుకుని గీత దాటేశాడు. స్కోరు సమమైంది. గడియారంలో 31 సెకన్లు మిగిలున్నాయి. అదనపు సమయం కూడా రెండోసారికి పోయాక డెన్వర్ 35-38తో ఓడిపోయింది. మూర్‌కి అప్పటికి 22 ఏళ్ళు. విలేఖరుల ముందు తప్పు తనదేనన్నాడు. అతని పక్క సేఫ్టీ మైక్ ఆడమ్స్. క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకో చదివింది ఆడమ్స్ చదివిన డెలావేర్‌లోనే.

ఆ బంతి మీద నాకెప్పుడూ ఒక బాధ ఉంది. ఆ సీజన్లో మూర్ సరైన చోట నిలబడి ఉన్నందువల్ల విసరకుండా ఆగిపోయిన బంతులెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ జరగలేదు కాబట్టి. జరగనిదాన్ని టీవీ మళ్ళీ చూపించదు. ఆ ఒక్క బంతినీ ఇన్నేళ్ళుగా చూపిస్తూనే ఉంది.

మరుసటి ఏడాది డెన్వర్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి వచ్చింది. 2014 ఫిబ్రవరి 2, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియం. పాటర్సన్ నుంచి కారులో కాసేపట్లో వెళ్ళొచ్చు. పదేళ్ళు దేశమంతా తిరిగిన మనిషికి తన జీవితంలోకెల్లా పెద్ద ఆట ఇంటి ముందుకే వచ్చింది. సియాటిల్ చేతిలో 43-8తో ఓడిపోయారు. ఆ తర్వాత డెన్వర్‌లో అతనికి చోటు లేకపోయింది.

ఇండియానాపొలిస్ తీసుకుంది. తన పదకొండో సీజన్లో, 33 ఏళ్ళ వయసులో, ఎదుటి జట్లు విసిరిన అయిదు బంతుల్ని మధ్యలోనే అందుకున్నాడు. ఆ ఏడాది మొట్టమొదటిసారి, మేటి ఆటగాళ్ళని ఎంచే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. మరుసటి ఏడాది మళ్ళీ అయిదు, మళ్ళీ ప్రో బౌల్. ఆ వయసుకి సేఫ్టీల కాళ్ళు మొరాయిస్తాయి. కాళ్ళు ఒక అడుగు వెనకబడితే కళ్ళు రెండడుగులు ముందుండాలి. అది పదేళ్ళ కూలిపనిలో కూడబెట్టుకున్న చూపు అని నేను నమ్ముతాను. ఇరవై రెండేళ్ళకి ఎంత పరుగున్నా ఆ చూపు రాదు.

నాకు ఇది ఇంత దగ్గరగా ఎందుకు అనిపిస్తుందో చెప్పాలి. నేనూ కాంట్రాక్టు మీద పనిచేసేవాణ్ణే. ఒక శుక్రవారం మధ్యాహ్నం, బ్యాడ్జి, ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్ళమన్నారు. మూడేళ్ళు ఆ కంపెనీ సిస్టం పడిపోకుండా రాత్రిళ్ళు కాపలా కాశాను. పడిపోలేదు కాబట్టి నేను చేసిందేమిటో అక్కడ ఎవరికీ కనపడలేదు. ఆ చలికాలమంతా ఇంట్లో కూర్చుని ఆడమ్స్ ఆటలు చూశాను. సోమవారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, కొత్త పాఠం తెరిచి కూర్చునే అలవాటు నాకు అప్పుడే వచ్చింది.

ఆడటం మానేశాక ఆడమ్స్ కోచింగ్‌లోకి వెళ్ళాడు. 2022లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో, వెనకాల నిలబడేవాళ్ళకి నేర్పే సహాయ కోచ్‌గా చేరాడు. జెయింట్స్ సొంత మైదానం ఆ మెట్‌లైఫే.

ఆ సీజన్లో మా అబ్బాయిని తీసుకెళ్ళాను. బాగా పైన, చవక సీట్లు. అక్కణ్ణుంచి ఇరవై ఇద్దరూ కనపడతారు. “నాన్నా, బంతి అక్కడుంటే నువ్వెటు చూస్తున్నావు?” అన్నాడు. వేలు పెట్టి చూపించాను. జెయింట్స్ సేఫ్టీ కార్నర్ వైపు ఏదో అరిచి, కుడికి మూడడుగులు జరిగాడు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఆ వైపు చూశాడు, ఆగాడు, ఎడమకి తిరిగి దగ్గరలో ఉన్నవాడికి చిన్నగా విసిరాడు. నాలుగు గజాలు వచ్చాయి. మా వరసలోవాళ్ళు తినుబండారాలు తెచ్చుకోవడానికి లేచారు.